‘యతి తప్పింది, చూడండి’: సమస్యాపూరణ బృందాల్లో పద్యం చక్కబడే తీరు

పొద్దున్న ఆరింటికి ఒక పద్యపాదం ఫోన్లలోకి వచ్చి పడుతుంది. ‘నిప్పు చల్లనయ్యె నీరు గాల్చె’ లాంటిది. ఛందస్సు సరిగ్గానే ఉంటుంది, అర్థమే తలకిందులుగా ఉంటుంది. మిగతా మూడు పాదాలూ రాసి ఆ విడ్డూరాన్ని సబబైన మాటగా నిలబెట్టాలి. సమస్యాపూరణం అంటే ఇదే. అవధాన వేదికల మీద పృచ్ఛకుడు సమస్య ఇస్తే అవధాని అక్కడికక్కడే పూరించేవాడు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) జంటగా ఊరూరా తిరిగి ఈ విద్యను జనంలోకి తెచ్చారు. తర్వాత ఆకాశవాణి కేంద్రాలు సమస్య ఇచ్చి, శ్రోతలు కార్డు మీద రాసి పంపిన పూరణలను చదివి వినిపించాయి. ఇప్పుడదే పని వాట్సాప్ బృందాల్లో రోజూ జరుగుతోంది. రాసేవాళ్లలో విశ్రాంత తెలుగు పండితులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, గృహిణులు, డాక్టర్లు ఉంటారు. పద్యం వీళ్లెవరికీ జీవనోపాధి కాదు, ఇష్టం కొద్దీ రాస్తున్నారు.

ఈ మార్పులో పైకి కనిపించని సంగతి ఒకటుంది. అవధానంలో పద్యం పూర్తికాగానే సభ చప్పట్లు కొట్టేది. రేడియోలో పద్యం చదివితే కవి మురిసిపోయేవాడు. తప్పెక్కడ ఉందో పాదం పట్టుకుని చెప్పే ఏర్పాటు ఆ రెండు చోట్లా లేదు. బృందంలో ఆ ఏర్పాటు ఉంది. ఒక పూరణ కింద ‘రెండో పాదంలో యతి తప్పింది, చూడండి’ (యతి అంటే పాదం మొదటి అక్షరానికీ పాదం నడుమ నిర్ణీత చోట వచ్చే అక్షరానికీ పొత్తు) అని ఒక్క వాక్యం వస్తే, రాసినవాళ్లు అరగంటలో దాన్ని సవరించి మళ్లీ పెడతారు. కొత్తవాళ్లను కవులుగా చేసేది ఆ ఒక్క వాక్యమే. అది సరిగ్గా పడే బృందంలో ఆరు నెలల్లో ఆటవెలది ఛందస్సు చేతికొస్తుంది. దాని బదులు నమస్కారం బొమ్మలు పడే బృందంలో అవే తప్పులు ఆరేళ్లయినా అలాగే ఉంటాయి.

ఒక పద్యాన్ని దగ్గరగా చూద్దాం

పైన ఇచ్చిన పాదం ఆటవెలదిలో చివరి పాదం. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు వస్తాయి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే: మూడు లఘువుల (ఒక మాత్ర కాలం పట్టే అక్షరాల) నగణం, గురువు (రెండు మాత్రల అక్షరం) తర్వాత లఘువు వచ్చే హగణం. ఇంద్రగణాలు ఆరు: నగ, నల, సల, భ, ర, త. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి, లేదా ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) వేయాలి. ప్రాస (అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం కలవడం) నియమం లేదు. సమస్యను విడగొడితే నిప్పు, చల్ల, నయ్యె, నీరు, గాల్చె: అయిదూ హగణాలే. యతి ‘ని’కి ‘నీ’. అంతా సరిపోయింది.

ఇక పూరణ. నిప్పు చల్లబడ్డ సందర్భం ఒకటి, నీరు కాల్చిన సందర్భం ఒకటి కావాలి. రెండూ ఒకే కథలో దొరికితే మేలు. హనుమంతుడి తోకకు నిప్పు పెడితే సీత అగ్నిని వేడుకుంది, తోకకు ఆ మంట చల్లగా ఉంది. లంకను నిజంగా కాల్చింది ఆమె కన్నీరు. ఊహ దొరికిందంటే సగం పని అయినట్టే. మొదటి ప్రయత్నం ఇలా వచ్చిందనుకుందాం:

సీత వేడికోలు విని అగ్ని కరగెను
హనుమ తోకకేమొ హాని లేదు
లంక కాలె నకట లలన కన్నీటికి
నిప్పు చల్లనయ్యె నీరు గాల్చె

పైపైన చదివితే బాగానే ఉంది. ‘అద్భుతం’ అని ముందుకు వెళ్లిపోవచ్చు. నిలబడి చూస్తే నాలుగు చోట్ల పని మిగిలి ఉంది.

మొదటి పాదంలో నాలుగో గణం ‘విని అగ్ని’. ‘సీ’కి ‘వి’తో యతి లేదు. అచ్చులు కలిశాయి గానీ హల్లులు కలవలేదు. సకారానికి శ, ష, చ, ఛ, జ, ఝ మిత్రాలు, వకారం కాదు. అదే పాదంలో ‘విని అగ్ని’ అన్నచోట రెండు అచ్చులు విడివిడిగా నిలబడ్డాయి. దీన్ని విసంధి అంటారు, పద్యం మధ్యలో చెల్లదు. అలాగని ‘వినగ్ని’ అని కలపడానికీ లేదు. ‘విని’ క్త్వార్థకం, అంటే ‘చేసి’, ‘వెళ్లి’ లాంటి అసమాపక క్రియ. క్త్వార్థమైన ఇకారానికి సంధి లేదని బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి సూత్రం ఉంది కాబట్టి యడాగమం (నడుమ యకారం) తెచ్చి ‘విని యగ్ని’ అనాలి. ఇలా అంటే విసంధి పోతుంది, యతి మాత్రం అప్పుడూ కుదరదు.

రెండో పాదంలో గణాలు, యతి రెండూ సరే. కానీ ‘ఏమొ’ ఎందుకొచ్చింది? గణానికి అక్షరాలు తక్కువై వచ్చింది. పద్యకవులు దీన్ని పాదపూరణానికి వేసిన మాట అంటారు, కొందరు వ్యర్థపదం అంటారు. మూడో పాదంలో ‘అకట’ కూడా అలాంటిదే, నిజానికి ఇంకొంచెం చెడ్డది. అకట అంటే అయ్యో. లంక కాలినందుకు అయ్యో అంటున్నది ఎవరు? సీతా కాదు, చదివేవాళ్లూ కాదు. ఆ మూడు లఘువులు సూర్యగణాన్ని నింపాయి గానీ పద్యం మనసును పక్కకు తిప్పేశాయి.

ఈ నాలుగూ చెప్పాక పద్యం ఇలా తేలుతుంది:

సీత వేడికోలు చెవిఁబడ నగ్నికి
హనుమ వాలమునకు హాని లేదు
లంక గాలిపోయె లలన కన్నీటికి
నిప్పు చల్లనయ్యె, నీరు గాల్చె

‘విను’ అనే అర్థంలో సి, చి, చె, శి, జిలతో మొదలయ్యే మాటల కోసం వెతికితే ‘చెవిఁబడు’ దొరికింది. ‘చిత్తగించు’ కూడా ఉంది. ‘చిత్తగించిన యగ్ని’ అన్నా గణాలు, యతి కుదురుతాయి. కానీ అప్పుడు అగ్ని కర్త అవుతాడు, రెండో పాదంలో ‘హాని లేదు’ అన్న క్రియ అతనితో అతకదు. ఒక చోట మాట మారిస్తే కింద అన్వయం (మాటల మధ్య అర్థం పొందిక) కదులుతుందా లేదా అన్నది ప్రతిసారీ చూసుకోవాలి. ‘తోఁకకేమొ’ బదులు ‘వాలమునకు’ అంటే హగణం, నగణం నిండుగా పడ్డాయి, పూరక పదం అవసరం లేకపోయింది. ‘కాలె నకట’ స్థానంలో ‘గాలిపోయె’ వచ్చింది, క్రియకు బలం పెరిగింది. ప్రథమా విభక్తి మాట మీది పరుషం (క, చ, ట, త, ప) గసడదవలైతే (గ, స, డ, ద, వ) ‘గాలిపోయె’ అవుతుంది, అది బహుళం కాబట్టి ‘కాలిపోయె’ అన్నా తప్పు పట్టకూడదు. ఈ సంగతి తెలియక పాత అలవాటుతో దిద్దే పెద్దలు కొత్తవాళ్లను అనవసరంగా బెదరగొడుతుంటారు.

తప్పులు ఎక్కడ పుడతాయి

గణదోషాల్లో ఎక్కువ భాగం పదాల హద్దు దగ్గరే పుడతాయి. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువవుతుందని బళ్లో నేర్చుకున్నది నిజమే, కానీ అది ఒకే పదంలోనూ, సంస్కృత సమాసంలోనూ. ‘మాతృప్రేమ’లో ‘తృ’ గురువు. ‘అది ప్రేమ’లో ‘ది’ లఘువే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు తెలుగు పదాలు. ‘ఛందం’ లాంటి గణన పరికరాలు వచ్చాక గురులఘువులు లెక్కపెట్టే శ్రమ చాలా తగ్గింది, కొత్తవాళ్లకు అవి పెద్ద సాయం. అయితే ఎక్కడ సమాసం ఉంది, ఎక్కడ రెండు మాటలున్నాయి అన్నది రాసినవాళ్లే తేల్చుకోవాలి. అక్షరాల మధ్య ఖాళీ పెట్టామా లేదా అన్నదాన్ని బట్టి వచ్చిన లెక్కను గుడ్డిగా నమ్మితే పద్యం దెబ్బతింటుంది.

యతి దగ్గరా అంతే. ‘హనుమ తోఁకయందు నగ్గియైన’ అనే పాదంలో నాలుగో గణం కంటికి ‘న’తో మొదలవుతోంది. విడగొడితే అది ‘అందున్ + అగ్గి’. యతి చూడాల్సింది ‘అ’కు. హకారానికి అకారంతో మైత్రి ఉంది కాబట్టి పాదం సరైనదే. దీన్ని తప్పని ఎవరైనా అంటే, పదం విడగొట్టి చూపిస్తే చాలు. దీనికి ఎదురు తప్పు ఇంకా తరచుగా వస్తుంది. హల్లు కలిసింది కదా అని ‘సీ’కి ‘సా’ వేసేస్తారు. అచ్చు కూడా కలవాలి: అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు, ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. ఈ మూడు జట్లూ కాగితం మీద రాసి ఫోను పక్కన పెట్టుకుంటే సగం యతిభంగాలు పుట్టవు.

కందంలో చిక్కులు ఇంకొన్ని ఉన్నాయి. గణాలన్నీ నాలుగు మాత్రలవే: గగ, భ, జ, స, నల. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి, రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి. రెండు పాదాలు కలిపి ఎనిమిది గణాలు లెక్కపెడితే బేసి చోట జగణం రాకూడదు, ఆరో చోట జగణమో నలమో తప్పక రావాలి. అందుకే ‘గణేశ’, ‘మహేశ’, ‘సరోజ’ లాంటి మాటలతో కందం ఎత్తుకోలేం, అవి జగణాలు. దేవుడి పేరుతో పద్యం మొదలుపెట్టాలన్న కోరికతో చాలామంది మొదటి అడుగులోనే ఇక్కడ జారతారు. ఇంకోటి: రెండు, నాలుగు పాదాల చివరి అక్షరం గురువు కావాలి. ‘వచ్చెను’ అని వదిలేస్తే చివర లఘువు మిగులుతుంది. ‘వచ్చెన్’ అంటే గగమై సరిపోతుంది. కంద పద్యాల చివర అన్ని పొల్లు నకారాలు కనిపించేది అందుకే.

కందానికి ప్రాస కూడా ఉంది, సమస్య కందపాదమైతే ఆ ప్రాస ముందే ఖరారైపోతుంది. తెనాలి రామకృష్ణుడి పేరుతో అందరూ చెప్పుకొనే ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ తీసుకుందాం. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందట. ప్రాస బిందువుతో కూడిన జకారం. కాబట్టి నాలుగు పాదాలూ అలాగే మొదలవ్వాలి: అంజలి, పంజరము, మంజుల, సంజీవని, అంజనము, జంజాటము, భంజనము, పుంజము. బిందువు లేని ‘రజని’ పనికిరాదు, ‘ంచ’ ఉన్న ‘సంచయము’ పనికిరాదు. పాండవులు విరాటుడి కొలువులో చేరిన ఘట్టాన్ని వాడుకుని ఆ సమస్యను తీర్చిన ప్రసిద్ధ పూరణలో రంజన, భంజనులు, సంజయ అనే మాటలు మిగతా మూడు పాదాలనూ ఎత్తుకుంటాయి. గొప్పతనం ఎక్కడుందంటే, ‘సంజయ’ ప్రాస కోసం దొరికిన మాట మాత్రమే కాదు, అది ఒక పిలుపు. ఆ పిలుపుతో మాట్లాడేది ఎవరో తెలిసిపోతుంది. ఆ పద్యంలోనూ ‘అకటా’ ఉంది. పాండవులంతటివాళ్లు ఒకరి కొలువులో చేరాల్సి వచ్చినందుకు పుట్టిన మాట అది, కాబట్టి అక్కడ దానికి చోటుంది. ఒకే మాట ఒక పద్యంలో పూరకమై, మరో పద్యంలో ప్రాణమవుతుంది. చూసి చెప్పేవాళ్లు పట్టుకోవాల్సింది ఈ తేడానే.

ప్రాస అరుదైనదైతే నిఘంటువు ముందు వేసుకోవాల్సిందే. ఆంధ్రభారతి వెబ్‌సైటు నిఘంటుశోధనలో ఒకే చోట చాలా నిఘంటువులు వెతకవచ్చు. కాకపోతే ప్రాసకు సరిపోయే మాట దొరికింది కదా అని అర్థం పూర్తిగా చూడకుండా వాడితే అన్వయం చెడుతుంది. దీనికి పద్యకవుల దగ్గర మంచి మాట ఉంది: కిట్టించడం. కిట్టించిన పద్యంలో లక్షణం అంతా ఉంటుంది, చదివితే మాత్రం నోరు ఎండిపోయినట్టుంటుంది.

సమాసాల్లో తరచుగా వచ్చేది వైరిసమాసం. పై కథలోనే ‘తోకాగ్ని’ అని రాయాలనిపిస్తుంది, గణానికి బాగా పడుతుంది. కానీ తోక తెలుగు మాట, అగ్ని సంస్కృతం. వాటి మధ్య సవర్ణదీర్ఘం కుదరదు. ‘వాలాగ్ని’ అనాలి, లేదా ‘తోఁక నిప్పు’ అనుకోవాలి. గ్రాంథికం రాయడం ఇష్టం లేనివాళ్లు రెండోదారి పట్టవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఫోను, కరెంటు, బస్సు లాంటి మాటలు పద్యంలోకి రాకూడదనే పట్టుదల కూడా మంచిది కాదు. ఆటవెలది వేమన నోట ఊరి మాటలతో బతికిన ఛందస్సు, బస్సును మోయలేనంత నాజూకు దానికి లేదు.

పూరణలో ఊహ

లక్షణం ఎంత బాగున్నా ఊహ పాతదైతే పద్యం చప్పగా ఉంటుంది. సమస్యను విప్పే దారులు కొన్ని ముందునుంచీ ఉన్నాయి. ఒకటి, మాటకు ఇంకో అర్థం తీయడం: ‘హరి’ అంటే విష్ణువు, సింహం, కోతి, గుర్రం, సూర్యుడు; ‘ద్విజుఁడు’ అంటే విప్రుడు, ద్విజమంటే పక్షి, పన్ను కూడా. ఇంకోటి, మూడో పాదం చివర ఒక ముక్క వేసి సమస్య మొదటి మాటనే మార్చేయడం. సమస్య ‘రాముఁడు’ అని మొదలై రేవతిని పెళ్లాడాడంటే, పై పాదం చివర ‘బల’ వేస్తే చిక్కు వీడిపోతుంది. మొదటి మూడు పాదాల్లో ప్రశ్నలు వేసి సమస్యలో వరుసగా జవాబులు తెచ్చే క్రమాలంకారం మరొకటి.

సులువైన దారి కూడా ఒకటుంది, దాన్ని వీలైనంత తక్కువగా తొక్కాలి. తాగినవాడు అన్నాడు, పిచ్చివాడు అన్నాడు, కలలో కనిపించింది అని విడ్డూరాన్ని ఎవరి నోట్లోనో పెట్టేయడం. ఏ సమస్యకైనా ఇది పనికొస్తుంది కాబట్టే దీంట్లో పూరణ ఉండదు, తప్పించుకోవడం ఉంటుంది. లక్షణదోషం లేదు కదా అని దీన్ని ఊరికే వదిలేయకుండా, ‘ఈ దారి కాక ఇంకోటి ప్రయత్నించండి’ అని చెప్పే బృందాల్లో పూరణలు చిక్కబడతాయి.

అందరికీ ఒకే ఊహ రావడం మరో చిక్కు. మొదట వచ్చిన పూరణ చదివితే ఆ దారి కళ్లలో నిలబడిపోతుంది, తర్వాతవాళ్లు అదే కథను వేరే మాటల్లో చెబుతారు. దీనికి కాలం ఒక కారణం. భారత కాలమానం ఉదయం ఆరంటే న్యూయార్కులో ముందురోజు రాత్రి, శీతకాలంలో ఏడున్నర, వేసవిలో ఎనిమిదిన్నర. అక్కడివాళ్లు భోజనం చేసి తీరిగ్గా కూర్చుని పూరించేసరికి ఇక్కడ ఇంకా కాఫీ కూడా అవ్వదు. ముందు వచ్చేవి వాళ్ల పద్యాలే. కొన్ని బృందాల్లో దీనికి ఏర్పాటు ఉంది: పూరణలను నిర్వాహకులకు విడిగా పంపాలి, మధ్యాహ్నం పన్నెండుకు అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. అంత ఏర్పాటు చేయలేనిచోట, ముందు పూరణ రాసి ఆ తర్వాతే మిగతావి చదవాలన్న అలవాటు ఒక్కటి చాలు.

చూసి చెప్పడం ఎలా

పద్యం చూసేవాళ్లు మొదట అర్థం చూడాలి. గణాలు ఎంత చక్కగా ఉన్నా సమస్య తీరకపోతే ముందు చెప్పాల్సింది అదే. తర్వాత గణాలు, యతి, ప్రాస. ఆ తర్వాత సంధులు, సమాసాలు. పూరక పదాలు చివర. ఈ వరుస మారితే ఏమవుతుందంటే, కవి అరసున్నలన్నీ దిద్దుకుని వచ్చాక ‘అసలు అన్వయం కుదరలేదు’ అని తెలుస్తుంది, పద్యమంతా మళ్లీ రాయాలి. అరసున్న, బండి ఱ సంగతి ఆఖరికి ఉంచుకోవచ్చు. చాలా కీబోర్డుల్లో అవి లోపలెక్కడో దాక్కుని ఉంటాయి. అవి లేనంత మాత్రాన పద్యం చెడదు, కానీ అరసున్న వెనక వచ్చే సరళాదేశం (క గ కావడం, ప బ కావడం లాంటిది) చెడితే చెవికి తెలుస్తుంది.

ఒక పద్యానికి ఒకసారి రెండు మూడు దోషాలకు మించి చెప్పకపోవడం మంచిది. ఏడు దోషాలు ఒకే సందేశంలో చదివిన కొత్తవాళ్లు మర్నాడు కనిపించరు. పాదం సంఖ్య, దోషం పేరు, కారణం, ఈ మూడూ ఉండాలి. ‘మూడో పాదంలో గణదోషం’ అని ఆగిపోతే సరిపోదు. ‘నాలుగో గణంలో ఇంద్రగణం బదులు జగణం పడింది’ అంటే ఎక్కడ చేయి పెట్టాలో తెలుస్తుంది. సవరణను మాత్రం పూర్తిగా రాసి ఇవ్వకుండా ఒక మాట సూచించి వదిలేయాలి. పెద్దలు ‘ఇలా అనండి’ అంటూ పాదమంతా తిరగరాసి ఇస్తుంటారు. ప్రేమతోనే ఇస్తారు. కానీ అలా నెల గడిచేసరికి బృందంలో అందరి పద్యాలూ ఒకే గొంతుతో పలుకుతాయి. ‘చె, చి, సిలతో వినడానికి ఏ మాట ఉందో చూడండి’ అంటే కవి నిఘంటువు తెరుస్తాడు, తన మాట తానే తెచ్చుకుంటాడు.

విమర్శ పాదానికి చెందాలి, మనిషికి కాదు. ‘గురువుగారూ, రెండో పాదం చివర లఘువు పడింది, ఒకసారి చూడగలరు’ అని చిన్నవాళ్లు పెద్దవాళ్లకు చెప్పగలిగే వాతావరణం ఉండాలి. వయసును బట్టి పెద్దల దోషాలను అందరూ మౌనంగా దాటేస్తే చూస్తున్న కొత్తవాళ్లు ఆ దోషాన్నే ప్రయోగంగా నేర్చుకుంటారు. పెద్దలూ ‘టైపాటు, సవరించాను’ అని తేలిగ్గా ఒప్పుకుంటే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. అయితే ప్రతి యతిభంగమూ టైపాటు కాదు. వేలు జారితే అక్షరం మారుతుంది, యతి మైత్రి తెలియకపోతే మాటే మారుతుంది. ఈ రెండింటికీ తేడా చెప్పకపోతే నేర్చుకోవడం ఆగిపోతుంది. వాదన వస్తే చిన్నయసూరి సూత్రమో, ఛందోలాక్షణికుడు అప్పకవి చెప్పిన లక్షణమో, పూర్వకవి ప్రయోగమో చూపించాలి. ‘మా గురువుగారు ఇలాగే చెప్పారు’ అనేది ప్రమాణం కాదు.

ఈమధ్య యంత్రంతో రాయించిన పద్యాలు కూడా వస్తున్నాయి. చూడగానే పద్యంలాగే ఉంటాయి, తత్సమాలు దండిగా ఉంటాయి. యతిస్థానాలు చూస్తే తరచూ దొరికిపోతాయి. పట్టుకోవడంకన్నా ముఖ్యమైనది ఇంకోటి: ‘ఈ మాటే ఎందుకు వేశారు?’ అని అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్ల పద్యాలకే సమయం వెచ్చించాలి.

వచన కవితల బృందాల్లో ఈ పని ఇంకా కష్టం. కొలబద్ద లేదు కాబట్టి ‘బాగుంది’ దాటి ఏం చెప్పాలో తోచదు. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు ఉండే నానీల్లో లెక్క ఉంది గానీ, లెక్క కుదిరినంత మాత్రాన నానీ కాదు. మొదటి రెండు పాదాలు చెప్పినదాన్నే చివరి రెండు పాదాలు మళ్లీ చెబుతుంటే అక్కడ వేలు పెట్టి చూపాలి. పద్యంలో పూరక పదాన్ని పట్టుకునే కన్ను ఇక్కడా పనికొస్తుంది: ఏ మాట తీసేస్తే కవిత చెడదో ఆ మాట తీసేయమనడం.

తెర మీద పద్యం

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఫోను తెర మీద అవి ఒక వరుసలో పట్టవు, సగంలో విరిగి కిందికి దిగుతాయి. చదివేవాళ్లకు పాదం ఎక్కడ ముగిసిందో తెలియదు, లేని దోషాలు కనిపిస్తాయి. పాదానికీ పాదానికీ మధ్య ఒక ఖాళీ వరుస వదిలితే ఈ గొడవ ఉండదు. పద్యం పైన ఛందస్సు పేరు, కింద రెండు వాక్యాల్లో భావం రాయాలి. భావం రాయడానికి తడబడితే అన్వయం కుదరలేదని రాసినవాళ్లకే ముందు తెలుస్తుంది.

సవరించిన పద్యాన్ని పాతదాని మీదే దిద్దకూడదు. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని పదిహేను నిమిషాల్లోపు మార్చే వీలుంది. ఆ వీలు వాడుకుని పద్యం దిద్దేస్తే, కింద ఉన్న ‘యతి తప్పింది’ అన్న వ్యాఖ్య గాలిలో వేలాడుతుంది. తప్పు చెప్పినవాళ్లే తప్పు చెప్పినట్టు కనిపిస్తారు. మొదటిదాన్ని అలాగే ఉంచి, కింద ‘సవరించిన పూరణ’ అని కొత్తగా పెట్టాలి. ఆ రెండింటినీ పక్కపక్కన చూసి నేర్చుకునేవాళ్లు, రాసేవాళ్లకంటే ఎక్కువమంది ఉంటారు.

వీలైతే పద్యాన్ని పాడి గొంతు కూడా పంపాలి. సూర్యగణాలు రెండూ మూడేసి మాత్రలు, కాబట్టి ఆటవెలది రెండో పాదం పదిహేను మాత్రలతో సమంగా నడుస్తుంది. చేత్తో తాళం వేస్తూ చదివితే లెక్కకు అందని గణదోషం చెవికి దొరుకుతుంది. ‘హనుమ, వాల, మునకు, హాని, లేదు’ అని అయిదు దెబ్బలు. ఒక దెబ్బ తప్పిందంటే అక్కడ అక్షరం ఎక్కువో తక్కువో ఉన్నట్టే.

చివరిగా దాచుకోవడం. ఫోను మారితే సంభాషణలన్నీ పోయే ప్రమాదం ఉంది. పేరు తీసేసి, కింద ‘సేకరణ’ అని రాసి పద్యాలను వేరే బృందాలకు పంపేవాళ్లూ ఉన్నారు. పద్యం నాలుగో పాదం వెంటనే, ఖాళీ వదలకుండా పేరు రాసుకుంటే కొంత కాపుదల. నెలకోసారి ఒకరు బాధ్యత తీసుకుని సమస్య, మొదటి పూరణ, వచ్చిన వ్యాఖ్య, సవరించిన పూరణ, ఈ నాలుగింటినీ ఒక ఫైలులోకి ఎత్తి ఉంచాలి. ఆ ఫైలును తేదీల వరుసలో కాకుండా ప్రాసాక్షరాల వరుసలో పెడితే మంచిది. ఎప్పుడో మళ్లీ బిందుపూర్వక జకారంతో సమస్య వచ్చిన రోజున ఎవరెవరు ఏ మాటలు వాడారో, ఏది అతికిందో, ఏది కిట్టించినట్టయిందో ఒకే చోట కనిపిస్తుంది.